ఎస్జీటీ కావాలంటే బీఈడీ చాలదు

మా దిక్కు డిగ్రీ అయినోళ్లను ఎవర్ని కదిలిచ్చినా ‘బీఈడీ చేస్తున్న, ఏదో ఒక టీచర్ పోస్టు రాకపోతదా’ అంటున్నరు. గా ‘ఏదో ఒకటి’ అన్నకాడనే నాకు భయమైతది.

ఒకటి నుంచి అయిదు దాకా చెప్పే ఎస్జీటీ పోస్టుకు బీఈడీ చెల్లదు. 2018ల ఎన్‌సీటీఈ చెల్లుతదన్న మాట నిజమే. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పుతోని అది పోయింది. చిన్నపిల్లలకు చెప్పేటందుకు డీఈడీ శిక్షణనే ఉండాలె అన్నది కోర్టు. నాకైతే సబబే అనిపిస్తది. అక్షరాలు దిద్దిచ్చుడు అల్కటి పనా?

తెలంగాణ 2024 డీఎస్సీ లెక్క చూడుండ్రి. మొత్తం 11,062 పోస్టులల్ల ఎస్జీటీలే 6,508. బీఈడీ వాళ్లు రాసే స్కూల్ అసిస్టెంట్లు 2,629. అవి మళ్ల జిల్లాలు, సబ్జెక్టులు, మీడియం వారీగ చీలిపోతయి. మీ జిల్లాల మీ సబ్జెక్టుకు ఎన్ని మిగుల్తయి?

ఇంటర్ అయిన తమ్ముళ్లు, చెల్లెండ్లు చిన్న క్లాసులకు చెప్పాలనుకుంటే డీఈఈసెట్ రాయుండ్రి. డీఈడీ రెండేండ్లే. ప్రభుత్వ డైట్ల సీటొస్తే ఖర్చు గూడ తక్కువ.

ఇగ టెట్. 150కి ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ ఎస్టీలకు 60 వస్తే పాసు. పాసైనం గదా అని పండుకోవద్దు. ఆ మార్కులను 20కి కుదించి డీఎస్సీ 80 మార్కులకు కలుపుతరు. 75 వచ్చినోళ్లకు 10, 120 వచ్చినోళ్లకు 16 పడ్తయి. ఆరు మార్కులంటె ర్యాంకు ఎక్కడికో పోతది. టెట్ పాసు జీవితకాలం చెల్లుతది, అయినా మార్కులు పెంచుకునేటందుకు మళ్ల రాయొచ్చు.