నీటికాసులు: తెలియకుండ తరిగెడు చూపు

నీటికాసులనెడు నేత్రవ్యాధి తరచు నొప్పి లేకయే వచ్చును. కంటినుండి మెదడునకు పోవు దృష్టినాడిలోని పోగులు క్రమముగ నశించును. నశించినవి తిరిగి రావు. మొదట తరుగునది సాధారణముగ ప్రక్కచూపు. ఒక కంటి లోటును రెండవ కన్ను కప్పిపుచ్చును. మిగిలినదానిని మెదడే పూరించుకొనును. కనుక వార్తాపత్రిక చక్కగ చదువుకొనుచున్నవారు తమ చూపునకు కొరత కలదన్న నమ్మరు.

ఆ కొరతను కొలుచునది దృష్టిక్షేత్ర పరీక్ష. ఒక కంటిని మూసి, గడ్డమును ఆనించి, గిన్నెవంటి తెల్లని పరికరము నడుమనున్న దీపమునే చూచుచుండవలెను. చుట్టును సన్నని వెలుగుచుక్క కనబడినప్పుడెల్ల మీట నొక్కవలెను. ఫలితమును డెసిబెల్లులలో వ్రాయుదురు. రేడియోగల గృహములవారు ఈ పేరును ధ్వని విషయమున విని యుందురు. ఇచ్చట అది వెలుగునకు కొలత. మొదటిసారి అలవాటులేక పలువురు తడబడుదురు గనుక ఒక్క కాగితమును చూచి బెదరనక్కరలేదు.

చికిత్స లేనిచో ఈ లోటు ఎంత వడిగ పెరుగును? తెలిసియు మందీయక చూచుట న్యాయమా యని మనకు తోచును. స్వీడనులోని మాల్మో, హెల్సింగ్‌బోర్గ్ పట్టణములలో 1990 దశకమున 255 మంది తొలిదశ రోగులు ఇట్టి పరిశోధనకు సమ్మతించిరి. వ్యాధి ముదిరినవారిని, కంటి ఒత్తిడి మిక్కిలి హెచ్చుగ నున్నవారిని చేర్చుకొనలేదు. 129 మందికి లేసరు చికిత్సయు, చుక్కలమందును ఇచ్చిరి. తక్కిన 126 మందికి మందీయక, మూడు మాసములకొకసారి పరీక్షించుచు వచ్చిరి. వ్యాధి ముదిరినట్లు తేలినచో వారికిని చికిత్స కలదు. 2002లో ఫలితములు వెలువడినవి. చికిత్స పొందినవారిలో నూటికి 45 మందికి, పొందనివారిలో 62 మందికి వ్యాధి ముదిరెను.

అనగా మందు కాపాడును గాని అందరినీ కాదు. మందు లేకయు నిలకడగ నున్నవారు కలరు. ఈ రెండవ మాట వినగానే చుక్కలమందు సీసాను మూలకు నెట్టువారుందురేమో! వారు 2009లో అదే బృందము ప్రకటించిన అంకెలను చూడవలెను. చికిత్స లేనివారిలో లోటు ఏడాదికి సగటున 1.08 డెసిబెల్లులు పెరిగెను; కాని రోగులలో సగముమందికి పెరిగినది 0.40 లోపే. కొందరు మిక్కిలి వడిగ చూపు కోల్పోవుటచేతనే సగటు అంత పెరిగినది. ఒత్తిడి సాధారణముగ నున్నవారికి 0.36, హెచ్చుగ నున్నవారికి 1.31. కంటి ముందుభాగమున చుండ్రువంటి తెల్లని పొట్టు పేరుకొనెడు రకమువారికి మూడింటికి పైమాటే.

ఎవరు ఏ తెగవారో ఒక్క పరీక్షతో తెలియదు. అందుచేతనే తొలి రెండేండ్లలో ఆరు పరీక్షలైనను జరుపుట మంచిదని నిపుణులందురు. వెళ్లినప్పుడెల్ల వైద్యులు పాత కాగితములను అడుగుటయు ఇందుకే.