బడి బాగునకు క్రియాత్మక పరిశోధనము

నారు పలుచనైనచో రైతు విత్తనమును నిందించి ఊరకుండడు. నీటిని, నేలను పరిశీలించి, ఒక మడిలో మార్పు చేసి చూచును. బడిని బాగుచేయుటకును ఇదియే త్రోవ. దీనిని క్రియాత్మక పరిశోధన మందురు. అమెరికాలో 1946లో మనస్తత్త్వవేత్త కర్ట్ లెవిన్ దీనిని వివరించెను. 1953లో స్టీఫెన్ కోరీ పాఠశాలలకు అన్వయించి గ్రంథము వ్రాసెను.

ఐదవ తరగతి బాలికలు తరచుగా బడి మానుచున్నారనుకొందము. వారికి శ్రద్ధ లేదని ప్రధానోపాధ్యాయుడు తీర్పు చెప్పరాదు. మొదట నెలదినముల హాజరుపట్టీ చూచి, ఎవరు, ఏ దినములందు మానిరో గుర్తింపవలెను. పిమ్మట ఇండ్లకు పోయి కారణ మడుగవలెను. తల్లి కూలికి పోగా, మూడేండ్ల తమ్ముని కాచుచు బాలిక ఇంట నిలిచిపోయెనని తెలియవచ్చును. అప్పుడు ఆ బిడ్డను అంగన్‌వాడీలో చేర్పించి, మరల నెలదినములు హాజరు లెక్కించి, మునుపటి లెక్కతో పోల్చవలెను. అయితే కోతల నెలను కోతలు లేని నెలతో పోల్చరాదు. ఒకసారి ఒక్క మార్పే చేయవలెను; పలు మార్పులు కలిపినచో ఏది ఫలించెనో తెలియదు. ఫలింపనిచో ఆ మాట దాచక, వేరొక ఉపాయము వెదకవలెను.

పెద్దలారా! బడిపంతులు మీ గడపకు వచ్చి ప్రశ్నించినప్పుడు, తప్పు పట్టవచ్చెనని తలపకుడు, ఉన్నమాట చెప్పుడు. మనము దాచిన కారణమున మన బిడ్డ చదువే ఆగిపోవును.