ఇల్లాలి చేతికి ఏ కెమెరా తగును?

నిరుడు మాఘమాసమున మా తల్లిగారు కాలధర్మము నొందిరి. కర్మలనాటికి పటము కట్టించుటకై ఆమె ఛాయాచిత్ర మొకటి కావలసివచ్చెను. పుట్టినింటి బీరువాలోని ఆల్బములన్నియు దింపి నేనును మా చెల్లెలును వెదకితిమి. నాన్నగారివి పది దొరకినవి. బడిలో సన్మానము జరిగిననాటి దొకటి, తిరుపతిలో గుండుతో నున్న దొకటి, కొత్త స్కూటరుపై చేయివైచి నిలిచిన దొకటి, ఇట్లు. అమ్మ యొక్కతె నిలిచిన చిత్రము లేదు. ఉన్నవానిలో ఒకదాన ఆమె మొగము సగము పెండ్లికూతురి భుజము వెనుక దాగియుండెను; వేరొకదాన వంగి వడ్డించుచుండగా కొప్పు మాత్రమే కానవచ్చెను. తుదకు చెల్లెలి పెండ్లినాటి గుంపుపటమునుండి తలవరకు కత్తిరించి పెద్దది చేయించితిమి. చేసినవారు కంప్యూటరులో ఆమెకు నీలిరంగు పట్టుచీర కట్టిరి. మా అమ్మ నీలము కట్టి యెరుగదు.

ఇంట కెమెరా లేక కలిగిన లోపము కాదిది. మా అన్నగారికి మంచి కెమెరాయే యుండెను. కెమెరా సంచిలోను, సంచి బీరువాలోను, బీరువా తాళపుచెవి అన్నగారి జేబులోను ఉండెడివి. పెండ్లికో తీర్థయాత్రకో అది వెలికి వచ్చెడిది. ఆ రెండు వేళలను అమ్మ వంటశాలలోనో మూటల కాపలాలోనో యుండెడిది.

ఆనాడే నేనొక కెమెరా కొనదలచితిని. రెండేండ్లు కట్టిన చీటీ సొమ్ము నలువది వేల రూపాయలు నాచేత నుండెను. మా అత్తగారికి డెబ్బది నాలుగేండ్లు. ఆమె ఒక్కరే యున్న చిత్రము మా యింటను లేదని అంతవరకు నాకు తోచనేలేదు!

కొనుట నిశ్చయమైన పిదప ఏది కొనవలెనను వాదము పుట్టినది. మా వారును, తొమ్మిదవ తరగతి చదువు మా అబ్బాయియు డీఎస్‌ఎల్‌ఆర్ అనిరి. లెన్సు మార్చుకొన వీలైన పెద్ద కెమెరా యది. లోపల వాలుగా నొక అద్దముండి, లెన్సునుండి వచ్చు వెలుగును పైనున్న కిటికీకి పంపును. మీట నొక్కగానే యా అద్దము పైకి లేచి వెలుగును సెన్సారుపై పడనిచ్చును. నా మనసు సంచిలో నిమిడెడి చిన్న కాంపాక్టు కెమెరాపై నుండెను. "ఫోనుండగా ఈ రెండును దేనికి?" అని మా ఆడపడుచు అడిగెను. అడుగదగిన ప్రశ్నయే. పగటివెలుగున నేటి ఫోనులు బాగుగనే తీయును. ఫోను దెబ్బకే లోకమంతటను కెమెరాల వర్తకము కుంగినది. 2010లో తయారీదారులు పంపిణీ చేసిన డిజిటలు కెమెరాలు పండ్రెండు కోట్లకు పైబడగా, 2023 నాటికవి ఎనుబది లక్షలైనను లేవు. అయినను మా యింటి ఫోను సంగతి చెప్పెదను. అది పాలవాని లెక్కకు, బడివారి సందేశములకు, పిల్లల ఆటలకు చాలక చాలక చచ్చుచున్నది. అందలి చిత్రములు వేలకొలది. ఏది యెక్కడనున్నదో ఎవరికిని తెలియదు. ఫోను పాడైన నాడు వానిలో సగము దానితోనే పోయినవి.

ఇక వెలుగు మాట. కెమెరాకు ప్రాణము సెన్సారు. చూరునీళ్లు పట్టుటకు వాకిట గంగాళము పెట్టిన దానికిని చెంబు పెట్టినదానికిని గల భేదమే పెద్ద సెన్సారుకు, చిన్న సెన్సారుకు కలదు. చవుక కాంపాక్టులలోని సెన్సారు సుమారు 6.2 మిల్లీమీటర్ల పొడవు, 4.6 మిల్లీమీటర్ల వెడల్పు. కానన్ వారి ప్రారంభపు డీఎస్‌ఎల్‌ఆర్‌లోనిది 22.3 పొడవు, 14.9 వెడల్పు. వైశాల్యమున దాదాపు పండ్రెండు రెట్లు. ఈ రెంటి నడుమ "ఒక అంగుళపు" సెన్సారను తరగతి యొకటి కలదు. పేరేగాని అంగుళ మెక్కడను లేదు, 13.2 మిల్లీమీటర్లకు 8.8 మాత్రమే. పూర్వపు టెలివిజను కెమెరాల గాజుగొట్టముల కొలతనుండి వచ్చిన పేరట! బస్తామీద వ్రాసిన తూకమును నమ్మి బియ్యము కొనువారు మనలో లేరు గదా, దీనినిగూడ నట్లే చూడవలెను. 2012లో సోనీ వారు ఇట్టి సెన్సారును జేబు కెమెరాలో నమర్చిన తరువాతనే చిన్నకెమెరాలకు మరల కొంత గౌరవము కలిగినది.

సెన్సారుతో కథ ముగియదు. లెన్సు కన్ను ఎంత తెరచుకొనునో అదియు చూడవలెను. ఎఫ్ అను నక్షరము ప్రక్కనున్న అంకె యెంత చిన్నదైన కన్ను అంత పెద్దది. డీఎస్‌ఎల్‌ఆర్‌తో పెట్టెలో వచ్చు 18-55 లెన్సు మిక్కిలి తెరచినను 3.5 వద్ద ఆగును. దూరపు వస్తువును దగ్గరగా లాగినచో 5.6కు ముడుచుకొనును. 2014లో వచ్చిన కానన్ జీ7ఎక్స్ వంటి మంచి కాంపాక్టు 1.8 వరకు తెరచి, దగ్గరకు లాగినప్పుడును 2.8 దాటదు. 3.5కును 1.8కును వెలుగులో దాదాపు నాలుగురెట్ల భేదము. పెద్ద సెన్సారు మూడురెట్లు గెలిచినదానిని చిన్నదాని లెన్సు నాలుగురెట్లతో తిరిగి తెచ్చుకొన్నదన్నమాట. దుకాణముల వారెవ్వరును ఈ లెక్క నాకు చెప్పలేదు.

ఈ సంక్రాంతికి రెండింటిని ఇంటనే పరీక్షించితిని. మా వారి బడిలో వార్షికోత్సవములకై కొన్న డీఎస్‌ఎల్‌ఆర్ యొకటి కలదు. ప్రధానోపాధ్యాయులవారి అనుమతితో దానిని తెచ్చిరి. మా మరిది తన జీ7ఎక్స్‌ను వారము దినములకు నాకిచ్చెను. మేము అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమునకు దాపున నొక సందులో నున్నారము. పాత యిల్లు, వంటగదికి ఒకే కిటికీ. పండుగ ముందునాడు సాయంకాలము అత్తగారు తెల్లని బట్ట పరచుకొని సకినములు చుట్టుచుండిరి. వ్రేళ్లనుండి పిండి దారమువలె జారుచు చుట్టమీద చుట్టగా తిరుగుచుండెను. మొదట పెద్దకెమెరా యెత్తితిని. దానిని చూడగానే ఆమె చేయి యాపి, పైట సవరించి, బడిపిల్లవలె నిటారుగా కూర్చుండిరి. "ఉండు బిడ్డా, మొగము కడుగుకొని వచ్చెదను" అనిరి. అద్దము టపటప లేచినప్పుడెల్ల ఆమె కన్నులు మూసికొనిరి. పది చిత్రములలో తొమ్మిదింట వ్రేళ్లు చెదరినవి. తక్కిన యొకటియందు చేతులు నిలిచియే యున్నవి గనుక చెదరలేదు.

తరువాత చిన్నకెమెరాను నువ్వుల డబ్బా ప్రక్కన పీటపై నుంచి, పిండి కలుపుచునే నడుమ నడుమ నొక్కుచుంటిని. ఆమె గమనింపలేదు. ఆ సాయంకాలపు చిత్రములలో రెండు నాకు చాలును.

మా వారు న్యాయముగా నొక ఆక్షేపణ చేసిరి. పెట్టెలెన్సును తీసివేసి ఎఫ్ 1.8 గల 50 మిల్లీమీటర్ల లెన్సు పెట్టినచో పెద్దకెమెరా ముందు చిన్నది నిలువదని. నిజమే. ఆ లెన్సు అన్నింటిలో చవుక. దానితో తీసిన మొగములు ఎంతో అందముగా నుండును. కాని యీ కెమెరాలపై అది 80 మిల్లీమీటర్ల లెన్సువలె చూచును. కూర్చున్న మనిషి నిండుగా పట్టవలెనన్న మూడు గజములైన వెనుకకు జరుగవలెను. మా వంటగదిలో మూడు గజములు వెనుకకు జరిగినచో పొరుగువారి పెరటిలో పడుదును! నైకాన్ కెమెరాకు 35 మిల్లీమీటర్ల 1.8 లెన్సు కలదు. ఇరుకు గదులకు అదియే తగినది. అట్టి యిండ్లవారు కొనదలచినచో దీనిని మరువరాదు.

పెద్దకెమెరా గుణములను దాచుట నా యుద్దేశము గాదు. మరునాటి మిట్టయెండలో గ్రంథాలయపు రాతిభవనమును తీయబోయితిని. 1936లో నీ భవనమునకు వచ్చిన పాత ఆసఫియా పుస్తకభాండాగార మిదియే. చిన్నకెమెరా వెనుకనున్న తెరపై ఎండ పడి ఏమియు కానరాలేదు. చీరచెరగు కప్పుకొని గ్రుడ్డిగా తీసితిని. డీఎస్‌ఎల్‌ఆర్ కిటికీకి కన్నానించినంతనే కమానులు, పావురములు, సమస్తము స్పష్టము. కానన్ 1500డీ వంటిది ఒక్క ఛార్జితో ఐదువందల చిత్రములు తీయగా, జీ7ఎక్స్ రెండువందలు దాటగనే అలసిపోవును. చిన్నదాని లెన్సు ముక్కువలె ముందుకు వెనుకకు జరుగుచు దుమ్మును లోనికి పీల్చును. బియ్యపుపిండి యెగురు చోట దాని నుంచిన నా తెలివిని మరిది మెచ్చుకొనలేదు. ఒకసారి లోపల దుమ్ము చేరెనా, ఇంట శుభ్రపరచుకొన వీలులేదు. పిల్లవాడు ఛాయాగ్రహణవిద్య శ్రద్ధగా నేర్వదలచినచో పెద్దకెమెరాయే మంచి గురువు. అద్దము లేని కొత్తరకముల వైపు సంస్థలు పెక్కు మరలినందున పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లు నేడు అంగడిలో చవుకగా దొరకుచున్నవి. నైకాన్ డీ3500 అను చక్కని కెమెరా 2018లో వెలువడి 2022 నాటికే నిలిచిపోయినది.

అయినను నాంపల్లి నుమాయిషులో నా సందేహము తీరినది. 1938లో మొదలైన ఆ ప్రదర్శనమునకు ఏటేట మేమందరము పోవుట కలదు. మొదటి సాయంకాలము డీఎస్‌ఎల్‌ఆర్‌ను లెన్సుతో కూడ మోసితిని. ఇంచుమించు 675 గ్రాములు. చెప్పుకొన నెంత బరువు? మూడుపావుల వంకాయలకన్న తక్కువే. కాని యొకచేత చిన్నపిల్ల, ఒకచేత కొన్న గాజుల సంచి, ఎవరైన లాగుదురేమోనని మెడలోని పట్టీపై చూపు. ఆ పూట నేను తీసినవి మూడు చిత్రములు. మూడింటను మా వారు లేరు, ఏలనన నా చేతి సంచి మోయుచుండిరి. మరియొక నాడు 304 గ్రాముల చిన్నదానితో పోయితిని. అరువది తీసితిని.

బరువు మోయలేకకాదు సుమా! ఢిల్లీలో హోమై వ్యారావాలాగారు చీరకట్టుతో సైకిలెక్కి పెద్దకెమెరాలు మోసి, దేశచరిత్రను చిత్రించిరి. 2011లో పద్మవిభూషణము పొందిరి. అది ఆమె వృత్తి. నా వృత్తి వేరు. నా కెమెరా ఆ వృత్తి నడుమ ఇముడవలెను.

కొనుటకు ఆబిడ్స్ వైపు పోయినప్పటి యనుభవ మొకటి చెప్పవలెను. ఒక దుకాణమున ప్రశ్నలన్నియు నేనడుగగా ప్రత్యుత్తరములన్నియు మా వారికి వచ్చెను. "మేడమ్‌గారికి తేలికది, గులాబీరంగుది చూపు" మని యజమాని కుఱ్ఱవానితో ననెను. చూపిన గులాబీరంగు కెమెరా చిన్నసెన్సారుది, మా ఫోనుకన్న నేమాత్రమును మేలుకానిది. బిల్లడిగితే, బిల్లు లేనిచో రెండువేలు తగ్గింతుననెను. లేచి వచ్చితిమి.

ఇంటికి వచ్చుచు మొజంజాహీ మార్కెట్టు దగ్గర ఐస్‌క్రీము తినుచు నేను చదివిన సంగతి యొకటి మా వారితో చెప్పితిని. ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారులైన రాజా దీనదయాళుగారు 1892లో ఈ హైదరాబాదుననే జనానా స్టూడియో నొకదానిని తెరచిరి. అందు తీయించుకొనువారు స్త్రీలే, తీయువారును స్త్రీలే. కెన్నీ లెవిక్ అను ఆంగ్లస్త్రీ దానిని నడపెను. నూటముప్పది యేండ్లనాడే యీ నగరమున కెమెరా స్త్రీలచేతికి వచ్చినది. ఆ దుకాణదారునకు మాత్ర మింకను వార్త చేరలేదు.

కొత్త జీ7ఎక్స్ తరగతివి నా చీటీసొమ్మునకు అందలేదు. మంచి కాంపాక్టులు ప్రారంభపు డీఎస్‌ఎల్‌ఆర్ కన్న ప్రియమని తెలిసికొనుట నాకు వింతగా నుండెను. వాడినదాని కొరకు మూడువారములు తిరిగితిని. కుఱ్ఱకారుకు పాత చిన్నకెమెరాలపై మరల మోజు పుట్టుటచే వాడినవియు దిగుట లేదు. తుదకు కోఠీలో, బిల్లుతో, ముప్పదియారు వేలకు కుదిరినది. వాడినది కొనునప్పుడు లెన్సు మూడునాలుగు మారులు తెరచి మూసి చప్పుడు వినుడు; తెల్లగోడను కన్ను ముడిచి, అనగా ఎఫ్ అంకె పెద్దది చేసి, తీసి చూచినచో లోపలి దుమ్ము నల్లచుక్కలై బయటపడును; పెట్టెపై సంఖ్యయు కెమెరాపై సంఖ్యయు నొకటేనా చూడుడు. జపాను అంగడికై చేసిన సోనీ కెమెరాలు కొన్ని యిచట అమ్ముడగుచున్నవి. వానిలో జపానుభాష తప్ప మరియొకటి పెట్టుకొన వీలుండదు. డీఎస్‌ఎల్‌ఆర్ కొనువారు షట్టరు ఎన్ని వేలసారులు కదలెనో అడిగి తెలిసికొనుడు.

కెమెరా ఇపుడు వంటగదిలో పోపులపెట్టె పైయరలో, పాతజాకెట్టుగుడ్డతో కుట్టిన సంచిలో నున్నది. అబ్బాయి కొంత అలిగెను. బడి కెమెరా బాధ్యత అతనికి వచ్చుటతో అలక తీరినది. నెలకు పది చిత్రములు కాగితముపై అచ్చు వేయించి వెనుక తేదీ వ్రాయుచున్నాను.

సకినముల చిత్రమును అత్తగారికి చూపితిని. కన్నద్దములు పెట్టుకొని చాలసేపు చూచి, "నా చేతులు మా అమ్మ చేతులవలె నైనవి" అనిరి. పిదప కెమెరా తనచేతికి ఇమ్మని, ఎక్కడ నొక్కవలెనో అడిగి, రొట్టెలు కాల్చుచున్న నన్ను తీసిరి. అందు నా తల సగము తెగిపోయినది. వెనుక గ్యాసుసిలిండరు నిండుగ పడినది. చీరరంగు మాత్రము ఉన్నదున్నట్లు వచ్చినది.