క్లచ్చి లేని బండి: స్వయంచాలకమైన గేరు పనిచేయు తీరు



మన జహీరాబాదునందు 2013వ సంవత్సరమున మహీంద్రా వారి ట్రాక్టరు కర్మాగారము ప్రారంభమైనది. ఆ సంస్థవారు 2023 ఆగస్టు 15వ తేదీన దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరమున లోకమునకు చూపిన ‘ఓజా’ అను తేలిక ట్రాక్టర్లు ఇచ్చటనే తయారగుచున్నవి. వానిని గూర్చిన మాటలలో ‘ఆటో’ అను పదము తరచుగా వినబడును. హైదరాబాదు రాజమార్గము మీద క్లచ్చి లేని కార్లును నానాటికి హెచ్చుచున్నవి. గేరు దానంతట నదియే ఎట్లు మారును? అట్టి బండి మన పనికి తగునా? ఈ ప్రశ్నలకు సమాధానము తెలిసికొనినగాని సొమ్ము చెల్లింపరాదు. తెలియక నడపిన ప్రాణమునకును ముప్పు కలదు.

ముందుగా గేరు ఎందులకో చూతము. గునపముతో బండను లేపువాడు గునపము పొడుగైనకొలది తక్కువ బలముతో లేపగలడు. కాని చేయి ఎక్కువ దూరము కదలవలెను. గేరును అట్టిదే. 15 పండ్ల చక్రము 45 పండ్ల చక్రమును త్రిప్పునెడల, చిన్నది మూడు చుట్లు తిరిగినప్పుడు పెద్దది ఒక్క చుట్టు తిరుగును. వేగము మూడవ వంతగును. రాపిడిలో పోవు కొంచెము తక్క, త్రిప్పు బలము మూడింతలగును. కావుననే నాగలి లాగునప్పుడును, ఎత్తు ఎక్కునప్పుడును చిన్న గేరు, చదునైన బాటలో పెద్ద గేరు కావలెను. ఇంజను ఆగక తిరుగుచుండవలెను, చక్రములు మాత్రము ఆగవలెను. ఈ రెంటిని విడదీయుటకును, గేరు మార్చుటకును క్లచ్చి ఏర్పడినది.

క్లచ్చి తొక్కు పనిని యంత్రమునకు అప్పగించు మార్గములలో మన యూళ్లలో తరచుగా కనబడునవి రెండు.

మొదటిది నూనెతో నడచునది. రెండు విసనకఱ్ఱ యంత్రములను ఎదురెదురుగా నిలిపి ఒకదానిని త్రిప్పినచో, దాని గాలికి రెండవదియు తిరుగును. గాలికి బదులు నూనెను నింపి, రెక్కల చక్రములు రెంటిని మూసిన పెట్టెలో బిగించినచో అదియే యీ యేర్పాటు. జర్మనీ దేశీయుడగు హెర్మన్ ఫొటింగర్ 1905లో ఓడల కొఱకు దీనికి హక్కుపత్రము పొందెను. నడుమనుండు మూడవ రెక్కల చక్రము, మరలివచ్చు నూనెను తగిన దిక్కునకు త్రిప్పి, బండి కదలునప్పటి బలమును హెచ్చించును. దీని వెనుక గ్రహచక్రములుండును: నడుమ నొక పండ్ల చక్రము, దాని చుట్టును చిన్న చక్రములు, వానినెల్ల చుట్టిన వలయము. వీనిలో ఏదో యొకదానిని కదలకుండ పట్టినచో ఒక గేరు, మఱియొకదానిని పట్టినచో వేరొక గేరు. ఏది ఎప్పుడు పట్టవలెనో, వేగమును, కాలి నొక్కుడును చూచి చిన్న కంప్యూటరు నిర్ణయించును. నూనెతోను, గ్రహచక్రములతోను తానే మారు గేరును అమెరికాలో జనరల్ మోటార్స్ వారు 1939లో సామాన్య జనుల కార్లలో ప్రవేశపెట్టిరి.

రెండవది చౌకయైనది. ఇందు మనమెఱిగిన క్లచ్చియు, గేరు పెట్టెయు అట్లే యుండును. కాని కాలు, చేయి చేయు పనిని యంత్రపు చేతులు చేయును. మన దేశమున 2014లో మారుతి వారి సెలెరియో కారుతో ఇది సామాన్యులకు అందుబాటులోనికి వచ్చెను.

నడపునప్పుడు ఈ రెంటికిని భేదము తెలియును. నూనె గేరు బండి ‘డి’ యందుండగా బ్రేకు వదలిన వెంటనే, ఏక్సిలేటరు తొక్కకున్నను మెల్లగ ప్రాకును; గేరు మారుట ఇంచుమించు తెలియదు. చౌక రకమందు గేరు మారు ప్రతిమారు లాగుడు క్షణకాలము తగ్గి, తల కొంచెము ముందునకు ఊగును. గేరు మారునప్పుడు కాలు కొంచెము తేలికపఱచినచో ఆ ఊపు తగ్గును. ఎత్తుమీద ఆపి కదలించునప్పుడు కొన్ని బండ్లు వెనుకకు జారును. అప్పుడు చేతి బ్రేకు పట్టి కదలింపవలెను.

ఇక ట్రాక్టరు సంగతి. ఓజా ట్రాక్టర్లలో ముందునకు, వెనుకకు మార్చుటకు ప్రత్యేకమైన మీట కలదు. కొన్ని రకములలో పనిముట్టును ఎత్తినప్పుడు దానిని త్రిప్పు ఇరుసు తానే ఆగును. అయినను గేరు నెన్నుకొనువాడు చోదకుడే. మెట్లు లేక వేగము మారు గేరును జర్మనీలోని ఫెంట్ వారు 1995లోనే పెద్ద ట్రాక్టరునందు చూపిరి; కాని దాని వెల అధికము. కావున ‘ఆటో’ అను మాట వినిన మాత్రమున అన్నియు యంత్రమే చేయునని తలపరాదు.

ఈ జాగ్రత్తలను ఇంటి యువకులకు చదివి వినిపింపుడు:

1. క్లచ్చి లేని కారును కుడికాలితోనే నడపవలెను. అలవాటు చొప్పున ఎడమకాలు క్లచ్చిని వెదకి బ్రేకును గట్టిగ తొక్కును. వెనుక వచ్చు లారీ ఢీకొనవచ్చును.

2. బ్యాటరీ చచ్చిన నూనె గేరు కారును త్రోసి నడపజాలము. దానిని చక్రములమీద దూరము లాగించినను గేరు పెట్టె చెడవచ్చును.

3. నిలిపినప్పుడు ముందు చేతి బ్రేకు, పిదప ‘పి’. ‘పి’ యనగా ఒక చిన్న కొక్కెము పండ్లలో పడుటయే. బరువంతయు దానిపై వేయరాదు.

4. పల్లమునకు దిగుటకు ముందే చిన్న గేరునకు రావలెను. చెరకు నింపిన ట్రాలీతో దిగునప్పుడు క్లచ్చి తొక్కుటయు, గేరు తీసివేయుటయు మృత్యువును పిలుచుటయే. ఇంజను పట్టు వదలినచో బ్రేకులు వేడెక్కి పట్టు తప్పును.

కొనుటకు ముందు వర్తకుని మూడు ప్రశ్నలడుగుడు: ఇది నూనె గేరా, యంత్రపు చేతుల గేరా? చెడినచో బాగుచేయువారు జహీరాబాదుననే యున్నారా, హైదరాబాదునకు పోవలెనా? గేరు నూనె ఎన్నినాళ్లకు మార్పవలెను, దానికెంత వ్యయమగును? జవాబులను కాగితముమీద వ్రాయించుకొనుడు. రాజమార్గపు రద్దీలో దినదినము తిరుగువానికి క్లచ్చి లేని కారు మోకాలికి విశ్రాంతి నిచ్చును. ఏడాదికి కొన్నినాళ్లే బండి తీయువానికి సాధారణమైన గేరే లాభము. యంత్రము కాలికిని చేతికిని సెలవియ్యగలదు. ముందున్న పల్లమును, వెనుకనున్న బరువును చూచు పని మాత్రము చోదకునిదే.