విదేశమున నర్సు కొలువు: ఒడంబడికకు ముందు

గుంటూరు మిర్చి యార్డునకు టిక్కీలు తోలుకొని వచ్చిన రైతు, ధర వినినంతనే తల ఊపడు. తూకమెట్లు, తరుగెంత, తాలుకాయకు ఏమి కోత, కమీషనెంత, పైకము చేతికెన్నడు వచ్చును అని అడుగును. క్వింటాలు ధర ఒకటి, ఇల్లు చేరు డబ్బు వేరొకటి అని అనుభవము అతనికి నేర్పినది. అదే రైతు, నర్సు చదువు ముగించిన కుమార్తెకు విదేశమున కొలువు చూపెదనని ఏజంటు గడప తొక్కినప్పుడు మాత్రము, నెలకు లక్ష రూపాయలన్న ఒక్క మాటకే పొలము తాకట్టునకు సిద్ధపడుచున్నాడు. మిరపకాయలకు చూపిన జాగరూకత బిడ్డ కష్టమునకు ఏల చూపరాదు? ఈ సంగతినే నేడు శ్రోతలతో ముచ్చటింపదలచినాము.

రోగిసేవ ఈ ప్రాంతమునకు క్రొత్త కాదు. 1883లో గుంటూరు చేరిన డాక్టర్ అన్నా కుగ్లర్ కృషివలన 1898లో ఇచ్చట స్త్రీల ఆసుపత్రి వెలసినది. నాడు దొరసాని సముద్రము దాటి ఇచ్చటికి వచ్చినది. నేడు మన పిల్లలు సముద్రము దాటి సౌదీకి, కువైటుకు, ఇంగ్లాండునకు వెళ్లుచున్నారు. పోవుట మంచిదే. ఎట్లు పోవుదురన్నదే ప్రశ్న.

మొదట విచారింపవలసినది జీతము కాదు, మధ్యవర్తి. 1983 నాటి వలస చట్టము ప్రకారము రిజిస్ట్రేషను లేనివాడు ఎవరినీ విదేశోద్యోగమునకు పంపరాదు. కేంద్ర ప్రభుత్వపు ‘ఈ-మైగ్రేట్’ జాబితాలో పేరు, నంబరు సరిచూచుకొనవచ్చును. గల్ఫు దేశములతో కూడిన 18 దేశములకు పోవు నర్సుల విషయమున 2015లో కేంద్రము కట్టుదిట్టము చేసినది. పాస్‌పోర్టు ఏ తరగతిదైనను వారికి వలస అనుమతి తప్పనిసరి యైనది. నియామకములు ప్రభుత్వ సంస్థల ద్వారా జరుగవలెనని నిర్ణయమైనది. మన రాష్ట్రమున ‘ఓంక్యాప్’ అను ప్రభుత్వ సంస్థ ఈ పనికే కలదు. “ముందు విజిటింగు వీసాపై పోదము, అచ్చట మార్చుకొందము” అను మాట వినబడినచో, ఆ ఏజంటునకు అక్కడికక్కడే నమస్కరించి పంపివేయుట మేలు.

ఈ కట్టుదిట్టము ఊరకే రాలేదు. 2015లో కొచ్చిలో నమోదైన ఒక కేసులో, 19,500 రూపాయలు తీసికొనవలసిన చోట ఒక్కొక్క నర్సునుండి 19 లక్షల 50 వేలు గుంజినారని సి.బి.ఐ. అభియోగము మోపినది. అంకెకు రెండు సున్నలు చేరినవి! నేడు ఏజంటు తీసికొనదగిన గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, పన్ను అదనము. అంతకు మించి అడిగినది ఏ పేరుతోనైనను అక్రమమే.

అప్పు సంగతి లెక్క వేసి చూతము. అయిదు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో నెలకు పదివేలు వడ్డీయే. రెండేండ్ల ఒడంబడిక ముగియునప్పటికి రెండు లక్షల నలుబదివేలు వడ్డీకి పోవును, అసలు అట్లే నిలుచును. అప్పుతో పోయిన పిల్ల, కొలువు ఎంత కఠినమైనను విడిచి రాలేదు. ఆమెను కట్టివేయునది యజమాని కాదు, ఇంటి ప్రామిసరీ నోటు.

ఇక ఒడంబడిక. జీతము మొత్తమును గాక, అందలి మూలవేతనమును చూడవలెను. ప్రైవేటు ఆసుపత్రులకు వర్తించు సౌదీ కార్మిక చట్టమునే తీసికొందము. రోజుకు ఎనిమిది గంటలకు మించిన పనికి, గంట వేతనముతో పాటు మూలవేతనపు గంటకూలిలో సగము చేర్చి ఇయ్యవలెను. కావున మొత్తము ఒక్కటే యైనను, మూలవేతనము తగ్గించి భత్యములు పెంచిన చోట అదనపు గంటల రాబడి తగ్గును. కొలువు ముగిసినప్పుడు, మొదటి అయిదేండ్లలో ఏడాదికి అరనెల జీతము చొప్పున పారితోషికము రావలెను. రెండేండ్లు నిండిన పిదప అయిదేండ్లలోపు తానై రాజీనామా చేసినచో అందు మూడవవంతే దక్కును. నివాసానుమతి రుసుము, కొలువు ముగిసిన పిదప స్వదేశమునకు టిక్కెట్టు యజమాని భరింపవలసినవి. ఇవి తెలిసినవారికి ఏజంటు చెప్పు “ఉచిత సౌకర్యముల”లో దయ ఎంతో, హక్కు ఎంతో తెలియును.

బేరమాడుట మర్యాద కాదని మన పిల్లలు సంకోచింతురు. ఆసుపత్రులు సాధారణముగా శ్రేణుల ప్రకారము జీతము నిర్ణయించును. కావున “జీతము పెంచుడు” అనుటకంటె, “నా నాలుగేండ్ల ఐ.సి.యు. అనుభవమును లెక్కించి ఏ శ్రేణిలో చేర్చినారు?” అని అడుగుట ఫలవంతము. డయాలసిస్, శస్త్రచికిత్స విభాగముల అనుభవమునకును ఇట్లే విలువ కలదు. అనుభవ ధ్రువపత్రములో విభాగము, తేదీలు స్పష్టముగా ఉండునట్లు ఇచ్చటి కొలువు విడుచునప్పుడే చూచుకొనవలెను. గదిలో ఎందరు, సెలవు టిక్కెట్టు ఎన్నేండ్లకు, వేరొక విభాగమునకు మార్చుటకు అంగీకారము కావలెనా అను ప్రశ్నలకు జవాబు వ్రాతలో తెప్పించుకొనవలెను. అర్హత పరీక్ష ముందు, బేరము తరువాత. సౌదీకి ప్రొమెట్రిక్, ఇంగ్లాండునకు ఆంగ్ల భాషాపరీక్ష ముగించి చేతిలో పట్టుకొనిన పిల్ల మాటకు బరువుండును. ఇంగ్లాండు ప్రభుత్వ నియమావళి ప్రకారము నర్సునుండి నియామక రుసుము తీసికొనరాదన్నదియు గుర్తుంచుకొనవలెను.

చివరి పుటలో ‘మధ్యలో మానినచో చెల్లింపవలసిన సొమ్ము’ అను నిబంధన యుండవచ్చును. దానినే మొదట చదువవలెను. అమెరికాలో ఫిలిప్పీన్సు నర్సుల ఒడంబడికలలో 25,000 డాలర్ల వరకు ఇట్టి జరిమానా వ్రాసికొనగా, అది చెల్లదని 2019లో న్యూయార్కు ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పినది. కాని ఆ తీర్పుకొరకు వారు కోర్టు మెట్లు ఎక్కవలసివచ్చినది. సంతకమునకు ముందు ఒక్క సాయంకాలము చదువుట అంతకంటె చౌక.

కావున తల్లిదండ్రులకు మా మనవి: ఒడంబడిక ప్రతి ఒకటి ఇంటిలో ఉంచుడు. అసలు సర్టిఫికెట్లు ఏజంటు చేతికి ఇయ్యకుడు. తొందరపెట్టువానిని అనుమానింపుడు. అన్నిటికంటె ముందు, కాగితమును కుమార్తెచే చదివించి, ఆమె అభిప్రాయము వినుడు. రాత్రి డ్యూటీ చేయబోవునది ఆమెయే గదా!