శబ్దవేధి

సరయూ నది ఒడ్డున, వానకాలపు చీకటి రాత్రి, కడవలో నీరు నిండుతున్న చప్పుడు విని, ఏనుగు నీరు త్రాగుతున్నదని భ్రమపడి, యువరాజుగా ఉన్న దశరథుడు బాణం విడిచిన కథ తెలుగునాట విననివారు ఉండరు. ఆయన గురి తప్పలేదు. కంటికి కనబడని లక్ష్యాన్ని శబ్దాన్ని బట్టి కొట్టగల విద్య ఆయనకు ఉన్నది; ఆ విద్యే కొంప ముంచినది. ఈ ఘట్టాన్ని గూర్చి చెప్పేవారు శాపాన్నీ, కర్మఫలాన్నీ, పుత్రశోకాన్నీ విస్తరించి చెబుతారు. చీకటిలో వినవచ్చిన చప్పుడుకు అర్థం రాజుకు తెలియకపోవడమే సమస్తానికీ మూలమన్న సంగతి మీద అంతగా నిలవరు. ఆ కుర్రవాడు ఎవరో, అతని కోసం దప్పికతో ఎదురు చూస్తున్న అంధులైన తల్లిదండ్రులు ఎవరో రాజుకు తెలిసినది బాణం తగిలిన తరువాత. తెలియవలసిన మాట తెలియకపోలేదు, ఆలస్యంగా తెలిసినది.

ఈ కాలపు సరయూ తీరాలు రహదారులు. 2016 ఆగస్టులో అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రంలో, షార్లెట్ నగరం వద్ద, ఒక యువకుడు కారులో వేగం మించి పోతున్నాడని రాష్ట్ర పోలీసు ఒకడు సైరన్ మ్రోగిస్తూ వెంట పడినాడు. కారు ఆగలేదు. కొన్ని మైళ్ళు పోయి యువకుని ఇంటి దరిదాపులలో ఆగినది. దిగిన యువకుణ్ణి ఆ పోలీసు కాల్చి చంపినాడు. చనిపోయిన వాని చేతిలో ఆయుధం లేదు. అతడు బధిరుడు. వయస్సు 29 సంవత్సరాలు.

మరుసటి యేడు సెప్టెంబరులో ఓక్లహోమా నగరంలో జరిగినది ఇంతకన్న ఘోరం. ఒక వాహనం దేనినో గుద్ది ఆగకుండా పోయినదన్న ఫిర్యాదు మీద పోలీసులు ఒక ఇంటికి వెళ్ళినారు. ఆ బండి నడిపినవాడు ఇంటి యజమాని. ఇంటి ముందు నిలిచి ఉన్నది మాత్రం అతని కుమారుడు, బధిరుడు, చేత ఒక లోహపు గొట్టంతో. గొట్టం పారవేయమని పోలీసులు కేకలు వేసినారు. ‘అతనికి వినపడదు, వినపడదు’ అని ఇరుగుపొరుగువారు అంతకన్న పెద్దగా కేకలు వేసినారు. తుపాకి పేలనే పేలినది. ఆ క్షణాన అక్కడ చెవిటివాడు ఎవరు?

రహదారి మీద పోలీసు బండిని ఆపినప్పుడు వాహన చోదకుడు ఎలా మెలగవలెనో ఆ దేశంలో పిల్లలకు సైతం నేర్పుతారు. చేతులు స్టీరింగు మీద కనబడేటట్టు ఉంచవలెను. అడగకుండా జేబులోనికి గాని, డాష్‌బోర్డు అరలోనికి గాని చేయి పోనీయరాదు. అడిగినదానికి వెంటనే, సూటిగా సమాధానం చెప్పవలెను. తుపాకులు ఇంటింటా ఉండే దేశంలో ఈ నియమాలకు ఒక న్యాయం లేకపోలేదు. కాని బధిరునికి చేతులే నాలుక. చెవి వైపు చూపించి వినపడదని చెప్పబోయినా, కాగితమూ కలమూ కోసం అరలోనికి వంగినా, ఎదుటి వానికి అది ఆయుధం కోసం వెదకులాటగానే తోచవచ్చును.

ఆటిజం ఉన్న వాని చిక్కు మరొక తీరు. అతనికి మాటలు వచ్చును, బండి నడపడమూ వచ్చును. నడపడంలో కొందరు ఎంతో నియమబద్ధంగా ఉంటారు కూడా. కాని గిరగిర తిరిగే ఎర్రని నీలపు దీపాలు అతని కళ్ళకు సూదులు. ప్రశ్న అడిగితే కొందరు ఆ ప్రశ్ననే తిరిగి పలుకుతారు. ఎదుటివాని కళ్ళలోనికి చూడలేరు. కలత చెందినప్పుడు చేతులు విదిలిస్తారు. వీటిలో ప్రతి ఒక్కటీ పోలీసు పాఠాల ప్రకారం అనుమానాస్పద లక్షణమే. మధుమేహం కలవాని రక్తంలో చక్కెర హఠాత్తుగా పడిపోతే చెమటలు పోస్తాయి, మాట తడబడుతుంది, అడుగు తూలుతుంది. చూచినవారు తాగినాడంటారు. అతనికి ఆ నిమిషాన కావలసినది గుప్పెడు చక్కెర. దొరికేది చేతికి బేడీలు.

టెక్సాస్ రాష్ట్రంలో 2019 సెప్టెంబరు 1 నుండి అమలుకు వచ్చిన ఒక చట్టం ఈ చిక్కును ఒక కొస పట్టుకొని విప్పడానికి చేసిన యత్నం. ఆటిజం ఉన్న ఒక యువకుని పేర శామ్యూల్ ఆలెన్ చట్టమని దానిని వ్యవహరిస్తారు. పోలీసుతో సంభాషించడానికి అడ్డుగా ఉండగల స్థితి తనకు ఉన్నదన్న సూచనను డ్రైవింగు లైసెన్సు మీద వేయించుకొనే వీలు అక్కడ అంతకు ముందే ఉన్నది. కాని ఆ లైసెన్సు ఎక్కడ ఉంటుంది? జేబులో. దానిని చూపించవలెనంటే జేబులో చేయి పెట్టవలెను. అపోహ పుట్టేది సరిగ్గా ఆ క్షణంలోనే గదా! రక్షరేకు పెట్టె లోపల భద్రంగా ఉన్నది, తాళంచెవి పాము పుట్టలో ఉన్నది అన్నట్టు ఉండెను వ్యవహారం.

కొత్త చట్టం ఆ సూచనను వ్యక్తి జేబులోనుండి తీసి బండి పేరిట చేర్చినది. వాహనం రిజిస్టరు చేయించుకొనే దరఖాస్తులోనే దానికి ఒక గడి ఉంటుంది. ఇష్టమున్న యజమాని ఆ గడి పూరిస్తాడు. శరీర సంబంధమైనదైతే వైద్యుడు, మానసికమైనదైతే వైద్యుడో మనస్తత్వ నిపుణుడో వ్రాసి ఇచ్చిన పత్రాన్ని కార్యాలయం కోరవచ్చును. ఆ సమాచారం పోలీసుల తంతి వ్యవస్థకు చేరుతుంది. బండిని ఆపిన పోలీసు దిగి దగ్గరకు రాకముందే దాని నంబరును తన వాహనంలోని యంత్రంలో చూచుకొంటాడు. చూచినప్పుడు, ఈ బండి యజమానితో సంభాషణ కష్టం కావచ్చునన్న హెచ్చరిక అతని కళ్ళబడుతుంది. కడవ చప్పుడుకు అర్థం బాణం విడవక మునుపే తెలిసినదన్న మాట.

ఈ చట్టంలో మెచ్చుకోదగిన సూక్ష్మం ఒకటి ఉన్నది. యజమానికి ఉన్న స్థితి ఏ రకమైనదో రిజిస్ట్రేషను శాఖ పోలీసు శాఖకు చెప్పరాదు. చెవుడో, ఆటిజమో, మూర్ఛయో, వేరొకటో ఆ యంత్రం మీద కనబడదు. సంభాషణ కష్టమన్నంతవరకే కనబడుతుంది. తెలియవలసినంతే తెలియజేయడం, తెలియనక్కరలేనిదాన్ని మరుగున ఉంచడం – మాట వాడకంలోని ఈ ఔచిత్యం సాధారణంగా శాసనకర్తలలో కనబడేది కాదు. క్షేమేంద్రుడు చూచి ఉంటే సంతోషించి ఉండేవాడు.

ఇంత ఉన్నా ఆ గడి పూరించడానికి వెనుకాడేవారు ఉంటారు. వారిని మూఢులనడం తగదు. వైకల్యాన్ని చెప్పుకోవడానికి మనిషి జంకడం నేర్చినది లోకాన్ని చూచియే. మన పల్లెలనే చూడండి. కాలు వంకర ఉంటే కుంటి సుబ్బయ్య, చూపు లేకపోతే గుడ్డి రామన్న. తల్లి పెట్టిన పేరుకు ముందు ఊరు తగిలించిన పేరు వచ్చి కూర్చుంటుంది, చచ్చేదాకా దిగదు. అష్టావక్రుడంతటి జ్ఞాని జనకుని సభలో అడుగు పెడితే ముందు వినవచ్చినది నవ్వే అని కథ. అట్టి లోకంలో తన లోపాన్ని తానై ప్రభుత్వపు దస్త్రంలో ఎక్కించుకోమంటే, రేపు దీనిని సాకుగా చూపి లైసెన్సు తీసివేస్తారేమో, భీమా కంపెనీవారు రుసుము పెంచుతారేమో, ఉద్యోగమిచ్చేవాడు ఎలాగో పసిగడతాడేమో అనిపించడం సహజం. స్వచ్ఛందమన్న మాటకు ప్రాణం ఇక్కడే ఉన్నది. ఊరు అంటించిన పేరు వేరు, అవసరం తలచి తాను చెప్పిన మాట వేరు.

లోపాలు పద్ధతిలోనూ ఉన్నాయి. సూచన బండి యజమానిని గూర్చినది; ఆ పూట బండి నడుపుతున్నది తమ్ముడో స్నేహితుడో కావచ్చును. యజమానే మరొకరి బండిలో పోతుండవచ్చును. అన్నింటినీ మించి, హెచ్చరిక చదివిన పోలీసుకు ఆ తరువాత ఏమి చేయవలెనో తెలిసి ఉండవలెను: గొంతు తగ్గించడం, దీపాలు ఆర్పడం, ఒక్కొక్క మాటే అడగడం, కాగితం అందించడం. ఓక్లహోమాలో సమాచారం లేక కాదు గదా ఆ ప్రాణం పోయినది. వీధి వీధంతా చెప్పినది.

లోపాన్ని మరుగుపరచక, నలుగురికీ తెలిసేటట్టు చేసి దానిని రక్షణగా మార్చుకోవడం కొత్త సంగతి కాదు. దీని వెనుకనూ మోటారు బండ్ల భయమే ఉన్నది. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో జేమ్స్ బిగ్స్ అనే ఛాయాచిత్రకారుడు ప్రమాదంలో చూపు కోల్పోయినాడు. ఇంటి చుట్టూ బండ్ల రాకపోకలు పెరిగి దాటడం భయమై, 1921లో తన చేతికర్రకు తెల్లరంగు పూసుకొన్నాడు. ఆ కర్ర అతనికి దారి చూపించలేదు. అతణ్ణి బండ్లవారికి చూపించినది. ఇప్పుడు లోకమంతటా అంధుల చేతిలో ఉన్న తెల్లకర్రకు ఈ రంగు డబ్బాయే మొదలుగా చెబుతారు. 1964 నుండి అమెరికాలో అక్టోబరు 15ను తెల్లకర్ర దినంగా పాటిస్తున్నారు.

మరొక కథ బడి పిల్లకు సంబంధించినది గనుక ఉపాధ్యాయులు విశేషించి వినదగినది. 1953లో కాలిఫోర్నియాలోని టర్లాక్ అనే చిన్న ఊరిలో ఒక వైద్యుని కుమార్తెకు, 14 ఏళ్ళ పిల్లకు, వ్రేలు తెగినది. ధనుర్వాతం రాకుండా ఇచ్చే మందు పడుతుందో లేదో చూడడానికి ముందుగా ఒక చుక్కతో పరీక్షించినారు. ఆ చుక్కకే పిల్ల ప్రాణం మీదికి వచ్చినది. ఎలాగో బ్రతికినది. వైద్యుని ఇంటనే ఇట్లా జరిగితే, పరాయి ఊరిలో ఈ పిల్ల స్పృహ తప్పి పడిపోయిననాడు ఏ వైద్యుడో మేలు చేయబోయి ఆ మందే ఇస్తే? తల్లిదండ్రులు ఆ మందు పడదని ఒక కాగితం మీద వ్రాసి పిల్ల చేతికీ కోటుకూ తగిలించి పంపినారు. కాగితం తరువాత వెండి కంకణమైనది. 1956లో ఆ దంపతులే మెడిక్ అలర్ట్ అనే సంస్థను స్థాపించినారు. స్పృహ తప్పిన మనిషి నోరు పలకనప్పుడు మణికట్టు పలుకుతుంది.

ప్రమాదస్థలానికి మొదట చేరుకొనే అంబులెన్సు వారికి, అగ్నిమాపక దళం వారికి కావలసినది ఇటువంటి మాటే. హీమోఫీలియా ఉన్నవానికి బయట గాయం లేకపోయినా లోపల రక్తస్రావం ఆగదు. కండరాలకు ఇంజెక్షను ఇవ్వరాదు, ఆస్పిరిన్ పనికిరాదు. ఈ సంగతి ఎవరు చెబుతారు? అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో 2002లో దీనికొక సులువైన ఉపాయం మొదలైనది. కారు వెనుక అద్దానికి ఒక పసుపుపచ్చని చుక్క అంటిస్తారు. ఆ చుక్క ఉన్నదంటే డాష్‌బోర్డు అరలో ఒక కార్డు ఉన్నదన్న మాట. అందులో మనిషి ఫొటో, జబ్బులు, వాడే మందులు, కబురు చేయవలసినవారి పేర్లు. అదే రాష్ట్రంలో 2020లో ఆటిజం ఉన్న చోదకుల కోసం నీలి కవరు వచ్చినది. లైసెన్సు మొదలైన కాగితాలన్నీ అందులో ఉంచుకొంటారు. పోలీసు ఏమి చేయవలెనో, చోదకుడు ఏమి చేయవలెనో కవరు మీదనే అచ్చువేసి ఉంటుంది.

మన దేశంలో ఈ విషయం ఎంతదాకా వచ్చినది? బధిరులు డ్రైవింగు లైసెన్సు కోసం దరఖాస్తు చేసుకోవచ్చునని ఢిల్లీ హైకోర్టు 2011లో తీర్పు చెప్పినది. 1995 నాటి చట్టం ఏడు వైకల్యాలనే గుర్తించగా 2016 నాటి చట్టం 21కి పెంచినది. ఆటిజం, హీమోఫీలియా, పార్కిన్సన్ వ్యాధి వంటి చూడగానే తెలియనివి అందులో చేరినవి. లైసెన్సు మీద రక్తవర్గం వ్రాసే ఆచారం మనకు ఉన్నది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సేవ పల్లె పల్లెకు అంబులెన్సును తెచ్చినది.

బండి రిజిస్ట్రేషను దరఖాస్తులో సైతం ఒక గడి ఉన్నది. 2020 అక్టోబరులో కేంద్ర రవాణా శాఖ ఇరవయ్యవ నంబరు ఫారాన్ని సవరించి, యజమాని దివ్యాంగుడైతే ఆ మాట వ్రాసే వీలు కల్పించినది. అయితే అది పన్ను రాయితీ కోసం. వైకల్యం గల యజమానులకు రావలసిన రాయితీలు పత్రాలలో యాజమాన్యం సరిగా నమోదు కాక చేజారుతున్నాయని ఆ సవరణ చేసినారు. మంచి పనే. కాని ఆ గడి ఖజానాతో మాట్లాడుతుంది, రోడ్డు మీది పోలీసుతో మాట్లాడదు. మన కూడళ్ళలో పోలీసు బండిని ఆపేది ఈలతో. ఈల వినపడక ముందుకు పోయినవాణ్ణి తప్పించుకొని పోతున్నాడనుకొనడం ఎంత తేలిక! అదే పోలీసు చేతిలోని ఫోనులో నేడు బండి నంబరు కొడితే వాహన్ అనే జాతీయ పట్టిక నుండి యజమాని వివరాలు వస్తున్నాయి. యంత్రం సిద్ధంగా ఉన్నది. చేరవలసినది ఒక వరుస.

డల్లాస్, హ్యూస్టన్ ప్రాంతాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు కొల్లలు. ఆ ఇళ్ళలోనూ ఆటిజం ఉన్న పిల్లలు పెరిగి పెద్దవారై బండి నడిపే ఈడుకు వస్తున్నారు. నలుగురిలో చెప్పుకోవడానికి జంకే అలవాటును సముద్రాలు దాటించి తీసుకొనిపోయిన తల్లిదండ్రుల ముందు టెక్సాస్ దరఖాస్తు నిలుస్తుంది. పేరు, చిరునామా, బండి రకం వరుసగా వ్రాసుకొంటూ పోయి, ఆ గడి దగ్గరకు వచ్చేసరికి కలం ఆగుతుంది. పూరించమని ఒత్తిడి చేసేవారు లేరు. వదలివేస్తే కారణం అడిగేవారూ లేరు.