జెండా కర్ర నీడతో మొదలైన లెక్క

తెలుగు చెప్పేవాళ్ళు లెక్కల గురించి రాయడమేమిటని మా సహోద్యోగులే ముందు నవ్వారు. కానీ బదిలీల మీద తిరిగిన ఇన్ని బళ్ళలో మా తెలుగు తరగతి తర్వాత మేము ఎక్కువగా కూర్చున్నది లెక్కల తరగతిలోనే. కారణం మీకు తెలిసిందే: అరేంజ్‌మెంట్ పీరియడ్. లెక్కల సార్ సెలవు పెడితే చాలు, ఆ కాగితంలో మా పేరు ఉంటుంది. పిల్లలు కథ చెప్పమంటారు, మేము సరేనంటాం. కొన్నాళ్ళకు ఆ సార్‌తో కలిసి లెక్కలే చేయించడం మొదలుపెట్టాం. అందులో ఒకటి మీకు చెప్పాలి. ఏ ఊరికి బదిలీ అయినా మీరు చేసుకోగలిగినది అది.

అప్పుడు మేము ఢిల్లీ దగ్గర ఒక బడిలో ఉన్నాం. నవంబరు చివర్లో హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి తొమ్మిదో తరగతిలో చేరింది. పుస్తకం దేశమంతా ఒకటే అయినా ఒక బడి పాఠాల్లో ముందుంటుంది, ఇంకొకటి వెనక ఉంటుంది. అక్కడ త్రిభుజాల పాఠం మొదలవకముందే ఆమె టి.సి. తీసుకుంది. ఇక్కడికి వచ్చేసరికి ఆ పాఠమూ, దాని మీద పరీక్షా అయిపోయాయి. మా పీరియడులో గలగలా మాట్లాడే పిల్ల లెక్కల పీరియడులో నోరు విప్పేది కాదు. అర్థమైందా అంటే తల ఊపేది. ఆ తల ఊపడం ఎలాంటిదో మాకు తెలుసు. మా నాన్నగారిదీ బదిలీల ఉద్యోగమే, ఆ వయసులో మేమూ అలాగే ఊపాం.

ఈ సంగతి సార్‌కి చెప్తే ఆయన కాసేపు ఆలోచించి, "జవాబు నాకు కూడా తెలియని లెక్క ఒకటి చేయిద్దాం. అప్పుడు పాతవాళ్ళూ కొత్తవాళ్ళూ ఒకచోటి నుంచే మొదలుపెడతారు" అన్నారు. మైదానంలో ఉన్న జెండా కర్ర ఎత్తు ఎంతో మా ఇద్దరికీ తెలియదు. అదే లెక్క అనుకున్నాం.

పద్ధతి తేలికే. ఎండలో మీటరు స్కేలును నిటారుగా నిలబెట్టి దాని నీడ కొలవాలి. అదే సమయంలో జెండా కర్ర నీడ కూడా కొలవాలి. సూర్యుడు చాలా దూరంలో ఉన్నాడు కాబట్టి రెండింటి మీదా కిరణాలు ఒకే వాలులో పడతాయి. స్కేలు, దాని నీడ కలిసి ఒక చిన్న త్రిభుజం, కర్ర, దాని నీడ కలిసి ఒక పెద్ద త్రిభుజం. రెంటి కోణాలూ ఒకటే, పరిమాణమే వేరు. వీటినే సరూప త్రిభుజాలంటారు. మీ ఇంగ్లీషు పుస్తకంలో పదో తరగతిలో సిమిలర్ ట్రయాంగిల్స్ అన్న పేరుతో వస్తాయి. అంతవరకూ ఆగనక్కర్లేదు, నిష్పత్తి తెలిస్తే చాలు. డిసెంబరులో ఒకరోజు పదకొండు గంటలకు స్కేలు నీడ 1.4 మీటర్లు, కర్ర నీడ 12.6 మీటర్లు వచ్చాయి. 12.6ను 1.4తో భాగిస్తే 9. అంటే కర్ర ఎత్తు 9 మీటర్లు.

ఇది ఒక జట్టు జవాబు. ఇంకో జట్టుకు 8.6 వచ్చింది. మూడో జట్టుకు 8 మీటర్లే వచ్చింది. నిజానికి ఆ పీరియడులో పనికొచ్చిన చదువంతా ఈ తేడాల దగ్గరే జరిగింది. మూడో జట్టువాళ్ళు పదిన్నరకే స్కేలు నీడ కొలిచేసి, టేపు కోసం ఆఫీసు గదికి వెళ్ళి, పదకొండింటికి కర్ర నీడ కొలిచారు. పదిన్నరకు స్కేలు నీడ 1.58 మీటర్లు ఉంది. ఆ అరగంటలో సూర్యుడు పైకి వచ్చాడు, కిరణాల వాలు మారింది, ఇక ఆ రెండు త్రిభుజాలకూ పోలిక లేదు. రెండో జట్టువాళ్ళు కర్ర మొదలు నుంచి కాకుండా సిమెంటు దిమ్మె అంచు నుంచి టేపు పరిచారు. అక్కడ అర మీటరు పోయింది.

మన హైదరాబాదు అమ్మాయి మొదటి జట్టులో టేపు కొస పట్టుకుంది. చాలాసేపు వంగి నేలకేసి చూసి, "సార్, నీడ ఎక్కడ ఆగిందో తెలియడం లేదు, మసగ్గా ఉంది" అంది. లెక్కల పీరియడులో ఆమె మాట్లాడిన మొదటి మాట అదే. స్కేలు నీడ గీత గీసినట్టు ఉంటే కర్ర నీడ కొసలో జానెడు మేర మసక. ఎందుకంటే సూర్యుడు మనకు చుక్కలా కాదు, చిన్న బిళ్ళలా కనిపిస్తాడు. ఆ బిళ్ళ వెడల్పు దాదాపు అర డిగ్రీ. బిళ్ళ పై అంచు నుంచి వచ్చే వెలుగుకు నీడ ఒకచోట, కింది అంచు వెలుగుకు ఇంకొకచోట ముగుస్తుంది. వస్తువు ఎంత ఎత్తయితే మసక అంత పెరుగుతుంది. ఆ మసక మధ్యన సుద్దతో గీత పెట్టి అక్కడికి కొలుద్దామని ఆమే అంది. తర్వాత ఆఫీసులో స్టాక్ రిజిస్టరు తీయించి చూస్తే కర్ర 30 అడుగులని ఉంది. అంటే సుమారు 9.14 మీటర్లు, అందులో కొంత దిమ్మెలో పాతి ఉంటుంది.

మబ్బు పట్టిన రోజు నీడ దొరకదు. అలాంటప్పుడు కోణమానిని అడ్డగీత వెంట ఒక స్ట్రా అంటించి, మధ్యలోంచి దారానికి ఇనుప నట్టు కట్టి వేలాడదీయండి. స్ట్రాలోంచి కర్ర కొసను చూస్తూ వెనక్కి నడవండి. దారం 45 డిగ్రీల గీత మీద నిలిచినచోట ఆగి, కర్ర దాకా ఉన్న దూరానికి మీ కంటి ఎత్తు కలిపితే కర్ర ఎత్తు వస్తుంది. పదో తరగతివాళ్ళు దీన్నే టాన్ 45 విలువ 1 అని రాస్తారు.

ఇంకా చిన్నచిన్నవి చాలా ఉన్నాయి. కాగితం త్రిభుజం మూడు మూలలూ చింపి పక్కపక్కన పెడితే సరళరేఖ వస్తుంది. డబ్బా మూతల చుట్టూ దారం చుట్టి, ఆ పొడవును మూత అడ్డుకొలతతో భాగిస్తే 3.14కు దగ్గరగా వస్తుంది. ఇవి మంచివే, కానీ ఫలితం ముందే తెలుసు కాబట్టి లాబ్ నోటుబుక్కులో కొలవకుండానే 3.14 అని రాసేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఇక ఎగ్జిబిషన్ కోసం అమ్మానాన్నలు రాత్రంతా కూర్చుని థర్మోకోల్‌తో చేసే మోడళ్ళ సంగతి మేము మాట్లాడం.

మళ్ళీ ఆ అమ్మాయి దగ్గరికి వద్దాం. జెండా కర్ర కొలిచిన రోజే ఆమె, "హైదరాబాదులో మా బడి దగ్గర నీడలు ఇంత పొడుగ్గా ఉండేవి కావు" అంది. నిజమే, ఉత్తరానికి పోయేకొద్దీ మధ్యాహ్నపు నీడ పొడుగవుతుంది. దీన్ని పట్టుకునే క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో ఎరటోస్తనీస్ అనే ఆయన భూమి చుట్టుకొలత లెక్కగట్టాడు. దక్షిణాన ఉన్న సయీన్‌లో, ఏడాదిలో అతి పొడవైన పగటి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీద ఉంటాడు. అదే వేళ అలెగ్జాండ్రియాలో 7.2 డిగ్రీల వాలు కనిపించింది. పూర్తి వృత్తానికి 360 డిగ్రీలు, అందులో 7.2 అంటే యాభయ్యో వంతు. కాబట్టి ఆ రెండు ఊళ్ళ మధ్య దూరాన్ని 50తో హెచ్చిస్తే భూమి చుట్టుకొలత వస్తుంది.

రెండు ఊళ్ళలో మనుషులు కావాలి, అదీ దీనికి పెట్టుబడి. మన బడి పిల్లలకు అదొక్కటీ కొదవ లేదు. ఆ అమ్మాయి పాత స్నేహితులకు ఫోను చేసింది. ఫిబ్రవరిలో ఒకే రోజున అక్కడ వాళ్ళూ ఇక్కడ మేమూ మీటరు స్కేలు నిలబెట్టాం. 12:15 నుంచి 12:50 దాకా అయిదేసి నిమిషాలకు నీడ కొలిచి, అన్నిటికన్నా పొట్టిదాన్ని తీసుకున్నాం. హైదరాబాదులో 63 సెంటీమీటర్లు, ఇక్కడ 93. గ్రాఫు కాగితం మీద రెండు లంబకోణ త్రిభుజాలు గీసి కోణమానినితో చూస్తే సూర్యుడు నడినెత్తికి అక్కడ 32.2 డిగ్రీలు, ఇక్కడ 42.9 డిగ్రీలు వాలి ఉన్నాడని తేలింది. తేడా 10.7. రెండు నగరాలూ ఇంచుమించు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి, అట్లాసులో స్కేలు పెట్టి చూస్తే మధ్య దూరం దాదాపు 1,250 కిలోమీటర్లు. రైలు దూరం తీసుకోకూడదు, పట్టాలు వంపులు తిరుగుతాయి. 360ని 10.7తో భాగించి 1,250తో హెచ్చిస్తే సుమారు 42,000 కిలోమీటర్లు. అసలు చుట్టుకొలత 40,000కు కాస్త ఎక్కువ. రెండు వేల కిలోమీటర్లు తప్పారని కొందరు దిగులుపడ్డారు. సార్ ఒక నీడను 62 చేసి, ఇంకోదాన్ని 94 చేసి మళ్ళీ వేయించారు. సుమారు 39,500 వచ్చింది. ఒక్కొక్క సెంటీమీటరు తేడాకే భూమి రెండున్నర వేల కిలోమీటర్లు తగ్గిపోయింది!

ఆ రోజు మా తెలుగు పీరియడులో కూడా నీడల మాటే నడిచింది. నీడ కొలవడానికి నిలబెట్టే పుల్లకు పాతకాలపు గ్రంథాల్లో పేరు శంకువు. ఇప్పటి తెలుగు లెక్కల పుస్తకాల్లో శంకువంటే మీరు కోన్ అనే ఆకారం. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు రాసిన గణితసారసంగ్రహంలో ఛాయావ్యవహారమని నీడ లెక్కలకే ఒక అధ్యాయం ఉంది. ఆ గ్రంథాన్ని పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంటే తెలుగువాళ్ళం లెక్కల తరగతిలో దూరడం మాతోనే మొదలవలేదు.

త్రిభుజాల పాఠం ఆ అమ్మాయి విడిగా చదువుకోవాల్సే వచ్చింది. ఈ కొలతలేవీ ఆ పాఠానికి బదులు కావు. కానీ అర్థం కానిచోట "సార్, ఇది నాకు రాలేదు" అని అడిగి చదువుకుంది.

మరుసటి ఏడాది వాళ్ళ నాన్నగారికి గువాహటికి బదిలీ అయింది. ఫిబ్రవరిలో అక్కడి నుంచి కొలతలు పంపుతూ ఒక ప్రశ్న కూడా పంపింది: మీ దగ్గర పన్నెండున్నర దాటాక కదా నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉంటుంది, మా దగ్గర 11:40కే ఎందుకు? సార్ జవాబు చెప్పకుండా, అట్లాసులో ఈ రెండు ఊళ్ళ రేఖాంశాలు చూడమని, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున లెక్కవేసుకోమని రాసి పంపారు.